డిగ్రీలు చెప్పారు, వాయువు సంగతి చెప్పలేదు

సంపాదకుల గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ విజ్ఞాన పేజీలో, పొగగొట్టాల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడును సున్నంతో పట్టుకునే పద్ధతి గురించి ఒక వ్యాసం వేశారు. హాయిగా చదివించింది. బొమ్మ కూడా పెద్దది, అందమైనది. కానీ మూడో పేరాలో ఒక వాక్యం దగ్గర నా చూపు ఆగిపోయింది. సున్నం 650 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడును మింగి సున్నపురాయిగా మారుతుందనీ, ఆ రాయిని మరో కొలిమిలోకి పంపి, స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడు ప్రవాహంలో 825 డిగ్రీల దాకా వేడిచేస్తే మింగినదంతా కక్కేస్తుందనీ రాశారు.

మొదటి సగం సరే. రెండో సగం జరగదు. స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడులో, మామూలు పీడనం దగ్గర, 825 డిగ్రీలకు సున్నపురాయి రవ్వంత కూడా కక్కదు. పైగా ఆ కొలిమిలో పొరపాటున కాస్త సున్నం మిగిలి ఉంటే అదే చుట్టూ ఉన్న వాయువును మింగి బరువెక్కుతుంది. అంటే మీ వ్యాసంలోని రెండో కొలిమి కూడా మొదటి కొలిమి పనే చేస్తుంది. వేడిచేస్తూ తూచే త్రాసు ముందు నేను ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్నాను. ఆ త్రాసును పుస్తకాల్లో థర్మోబ్యాలెన్స్ అంటారు, మేము పొట్టిగా టీజీ అనేవాళ్లం. ఈ పొరపాటు నాకు ఎంత బాగా తెలుసంటే, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నేనూ చేశాను. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు విషయం. సున్నపురాయి, సున్నం, కార్బన్ డయాక్సైడు. రెండు ఘనపదార్థాలు, ఒక వాయువు. రాయి విడిపోతే సున్నమూ వాయువూ వస్తాయి, సున్నం వాయువును పట్టుకుంటే మళ్లీ రాయి వస్తుంది. మూసిన పాత్రలో ఈ మూడింటినీ ఉంచి ఒక ఉష్ణోగ్రత దగ్గర నిలిపితే, వాయువు ఒక నిర్దిష్ట పీడనానికి చేరి ఆగుతుంది. రాయి ఎక్కువ వేశామా, సున్నం ఎక్కువ వేశామా అన్నదానితో దానికి పనిలేదు. ఉష్ణోగ్రతను మనం ఎంచుకుంటే పీడనాన్ని ప్రకృతి ఎంచుకుంటుంది. పీడనాన్ని మనం బిగిస్తే ఉష్ణోగ్రతను అది నిర్ణయిస్తుంది. రెండూ మన చేతిలో ఉండవు. గిబ్స్ ప్రావస్థా నియమం చెప్పేది ఇదే. డెబ్రే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1867లోనే దీన్ని ప్రయోగం చేసి చూపించాడు.

ఆ పీడనాలు ఇంచుమించు ఇవి. 500 డిగ్రీల దగ్గర 0.0002 అట్మాస్ఫియర్ (మన చుట్టూ ఉన్న గాలి మొత్తం పీడనం ఒక అట్మాస్ఫియర్). 600 దగ్గర 0.004. 700 దగ్గర 0.035. 800 దగ్గర 0.22. 900 దగ్గర ఒకటి. నాలుగు వందల డిగ్రీల తేడాలో పీడనం దాదాపు ఐదు వేల రెట్లు పెరిగింది. ఇప్పుడు మీ 825ను ఇందులో పెట్టి చూడండి. అక్కడ వాయువు చేరి ఆగే పీడనం, అంటే సమతాస్థితి పీడనం, సుమారు 0.33 అట్మాస్ఫియర్. చుట్టూ ఉన్న కార్బన్ డయాక్సైడు అంతకంటే తక్కువగా ఉంటే రాయి విడిపోతుంది, ఎక్కువగా ఉంటే సున్నం రాయి అవుతుంది. స్వచ్ఛమైన వాయువు అంటే ఒక అట్మాస్ఫియర్, అంటే మూడు రెట్లు ఎక్కువ. రాయికి విడిపోయే దారి ఏది?

‘సున్నపురాయి ఎన్ని డిగ్రీలకు విడిపోతుంది’ అన్న ప్రశ్న ‘నీరు ఎన్ని డిగ్రీలకు ఆవిరవుతుంది’ అన్నలాంటిదే. నీరు ఏ డిగ్రీ దగ్గరైనా ఆవిరవుతుంది, నేల మీద ఒలికిన నీళ్లు ఆరిపోవడానికి వంద డిగ్రీలు అక్కర్లేదు. వంద అన్నది ఆవిరి పీడనం ఒక అట్మాస్ఫియర్‌కు చేరే చోటు మాత్రమే. సున్నపురాయికి ఆ చోటు 900 దగ్గర ఉంది. మామూలు గాలిలో కార్బన్ డయాక్సైడు 0.0004 అట్మాస్ఫియర్లకు కాస్త ఎక్కువ కాబట్టి, లెక్క ప్రకారం ఆరుబయట రాయికీ సున్నానికీ మధ్య సరిహద్దు 525 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మరి 825కు ప్రత్యేకత ఏమిటి? ఏమీ లేదు.

అలాంటి అంకె ఎలా పుడుతుందో మాత్రం నాకు అనుభవం ఉంది. అది చెబుతాను.

చేరిన కొత్తలో నాకు ఇచ్చిన తొలి పని, స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ పొడిని, అంటే సున్నపురాయిలోని అసలు పదార్థాన్ని, టీజీలో నడపడం. లోతైన పింగాణీ మూసలో, అంటే వేడిని తట్టుకునే చిన్న గిన్నెలో, నలభై మిల్లీగ్రాములు నొక్కి పోశాను. నైట్రోజన్ ప్రవాహం పెట్టాను. నిమిషానికి 20 డిగ్రీల చొప్పున వేడి పెంచాను. కాగితం మీద పెన్ను గీసే రోజులవి. గీత చాలాసేపు అడ్డంగా సాగింది. తరవాత వంగింది, జారింది, చివర మళ్లీ అడ్డంగా నిలిచింది. తూచి చూస్తే బరువు 43.9 శాతం తగ్గింది, పుస్తకంలో ఉన్న లెక్క 43.97. నా సంతోషానికి హద్దు లేదు. గీత వంగిన చోట స్కేలు పెట్టి రెండు స్పర్శరేఖలు గీసి, అవి కలిసిన చోటు చదివి, ‘విఘటన ఉష్ణోగ్రత 742 డిగ్రీలు’ అని నివేదికలో రాశాను. పక్కనే ‘సమతాస్థితి’ అని కూడా చేర్చాను. ఆ మాట ఎందుకు చేర్చానో నాకే తెలియదు, బరువుగా ఉందని చేర్చి ఉంటాను.

మా మాస్టారు కాగితం చూసి ఒక్కటే అడిగారు. “ఏ వాయువులో తీశావమ్మా?”

“నైట్రోజన్‌లో సార్.”

“ఈ చర్యలో నైట్రోజన్ ఎక్కడుంది?”

నేను మాట్లాడలేదు. ఆయన కోప్పడలేదు. అదే పొడిని ఐదు మిల్లీగ్రాములు మాత్రమే తీసుకుని, పళ్లెంలాంటి చదునైన ప్లాటినం మూసలో పల్చగా పరిచి, నిమిషానికి 2 డిగ్రీల చొప్పున మళ్లీ నడపమన్నారు. సాయంత్రానికి కొత్త గీత వచ్చింది. ఈసారి వంపు 640 దగ్గర మొదలైంది. అదే సీసా, అదే పొడి, అదే త్రాసు, అదే రోజు. వంద డిగ్రీల తేడా. “ఇందులో సమతాస్థితి ఏది?” అన్నారు. రెండూ కావని అప్పటికి నాకు అర్థమైంది.

పారుతున్న స్వచ్ఛమైన నైట్రోజన్‌లో కార్బన్ డయాక్సైడు పీడనం సున్నా. వచ్చిన వాయువును వచ్చినట్టే ప్రవాహం ఊడ్చుకుపోతుంది. అలాంటప్పుడు సమతాస్థితి అన్నదే ఉండదు, రాయి ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా విడిపోతూనే ఉంటుంది. తక్కువ వేడిలో నత్తనడక, ఎక్కువ వేడిలో పరుగు. గీత వంగిన చోటు మనకు చెప్పేది ‘ఇక్కడి నుంచి నా త్రాసుకు కనపడేంత వేగం వచ్చింది’ అని, అంతే. వేడి పెంచే వేగం మారితే అదీ మారుతుంది. పొడి లోతుగా ఉంటే లోపలి పొరల్లో పుట్టిన వాయువు పైకి రావడానికి సమయం పడుతుంది, ఆ ఇరుకులో దాని పీడనం పెరిగి మిగతా రాయిని ఆపుతుంది. అందువల్లా గీత కుడివైపుకు జరుగుతుంది. నేను 742 అని రాసినది సున్నపురాయి గుణం కాదు. నా మూస లోతు, నా తొందర, రెండూ కలిసిన అంకె అది.

హంగరీలో పౌలిక్ సోదరులు ఈ ఇబ్బందినే పనిముట్టుగా మార్చుకున్నారు. వాయువు బయటికి పోవడానికి మెలికల దారి ఉన్న మూతల మూసను తయారుచేశారు. రాయి విడిపోవడం మొదలుపెట్టగానే పుట్టిన కార్బన్ డయాక్సైడే లోపలి గాలిని తోసేసి మూసంతా నిండుతుంది. ఇక లోపల ఉండేది దాదాపు ఒక అట్మాస్ఫియర్ స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడు. అప్పుడు గీత 900 దాకా కదలకుండా వచ్చి, అక్కడ గోడలా నిలువుగా పడుతుంది. అదే పొడి నా పళ్లెంలో 640కే విడిపోవడం మొదలుపెట్టింది. ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

మరి అసలు సమతాస్థితిని టీజీతో కొలవడం ఎలా? వేడి పెంచుకుంటూ పోయి గీత వంపు చూడటం కాదు. వాయువును ముందు బిగించాలి. ఉదాహరణకు కార్బన్ డయాక్సైడు 22 శాతం, మిగతాది నైట్రోజన్ ఉన్న మిశ్రమాన్ని పంపాలి. మూసలో కొంత రాయి, కొంత సున్నం రెండూ ఉండాలి. ఒక ఉష్ణోగ్రత దగ్గర నిలిపి బరువు చూడాలి. పెరుగుతోందా, తగ్గుతోందా? పెరుగుతుంటే సరిహద్దుకు మనం కింద ఉన్నాం. తగ్గుతుంటే పైన ఉన్నాం. పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి వస్తూ మధ్య దూరాన్ని తగ్గించుకుంటూ పోవాలి.

ఆ పని చేసిన ఒక రాత్రి నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. 780 దగ్గర పెన్ను స్పష్టంగా పైకి పోయింది. 820 దగ్గర స్పష్టంగా కిందికి దిగింది. 790 దగ్గర మెల్లగా పైకి. 810 దగ్గర మెల్లగా కిందికి. 796 దగ్గర పెన్ను కదలడం లేదనిపించింది, కాగితాన్ని పక్కకు వంచి కంటి మట్టానికి పెట్టి చూస్తే పది నిమిషాల్లో వెంట్రుకవాసి పైకి ఎక్కింది. 804 దగ్గర అంతే మెల్లగా దిగింది. 800 దగ్గర నలభై నిమిషాలు కూర్చున్నాను. గీత గీసినట్టే ఉంది, అటూ లేదు ఇటూ లేదు. నిలకడ మీద నిజం తెలుస్తుందన్న మాట ఆ రాత్రి నాకు కొత్తగా వినిపించింది. తరవాత మిశ్రమంలో వాయువు పాలు మార్చి, మరో ఉష్ణోగ్రత చుట్టూ మళ్లీ ఇదే తంతు.

ఇందులో ఒక చిక్కు ఉంది. రాయి విడిపోయి సున్నం అయ్యేటప్పుడు గుల్లగా, సూక్ష్మ రంధ్రాలతో పుడుతుంది. అంత వేడిలో ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి రంధ్రాలు మూసుకుపోతాయి. మళ్లీ వాయువును మింగేటప్పుడు పైపై పొర త్వరగా రాయి అవుతుంది, ఆ పొరే లోపలి సున్నానికి కవచమవుతుంది. ఇక మిగతాది గంటలు గడిచినా పూర్తికాదు. ‘పూర్తిగా రాయి అయ్యేదాకా ఆగి చూస్తాను’ అని పంతం పట్టిన కుర్రవాళ్లను చూశాను. అక్కర్లేదు. మనకు కావలసింది బరువు ఎంత మారిందన్నది కాదు, ఎటువైపు మారిందన్నది. దిక్కు తెలిస్తే చాలు. మీ వ్యాసంలో సున్నాన్ని ఎన్నిసార్లయినా తిప్పి వాడుకోవచ్చన్నట్టు రాశారు. పైన చెప్పిన అతుకుడు వల్ల మామూలు సున్నపురాయి నుంచి వచ్చిన సున్నం మొదటి ఇరవై చక్రాల్లోనే మింగే శక్తిని సగానికి పైగా కోల్పోతుంది. ఈ పద్ధతి మీద పనిచేసేవాళ్ల తలనొప్పుల్లో అది మొదటి వరసలో ఉంటుంది. దాని గురించి ఒక్క మాట కూడా లేకపోవడం వెలితే.

ఇలా రెండు మూడు పీడనాల దగ్గర ఉష్ణోగ్రతలు దొరికితే చాలు, పీడనపు లాగరిథమ్‌ను కెల్విన్ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి వాంట్ హాఫ్ సమీకరణం ద్వారా చర్యకు ఎంత వేడి కావాలో తెలుస్తుంది. పైన చెప్పిన రెండు బిందువులు, 800 దగ్గర 0.22, 900 దగ్గర 1, వీటితో మీరే లెక్క వేసి చూడండి. మోలుకు సుమారు 160 కిలోజౌళ్లు వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఉండే 178 గది ఉష్ణోగ్రత దగ్గరి విలువ, వేడి పెరిగేకొద్దీ అది కాస్త తగ్గుతుంది కాబట్టి ఈ తేడాలో కొంత భాగం సహజం. మిగతాది మన కొలత తప్పు. ఈ లెక్కలో మమ్మల్ని ఏడిపించేది ఎప్పుడూ త్రాసు కాదు, ఉష్ణోగ్రత.

త్రాసు మైక్రోగ్రాములు చూపిస్తుంది. ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్ మాత్రం పొడిలో ఉండదు, మూసకు పక్కనో కిందనో ఉంటుంది. పొడి విడిపోయేటప్పుడు వేడిని లాక్కుంటుంది, కాబట్టి చర్య జోరుగా సాగుతున్నప్పుడు పొడి తన చుట్టూ ఉన్న కొలిమి కంటే చల్లగా ఉంటుంది. తెర మీద కనపడే డిగ్రీలు కొలిమివి, పొడివి కావు. 900 దగ్గర ఒక్క డిగ్రీ తప్పితే పీడనంలో దాదాపు ఒకటిన్నర శాతం తప్పుతుంది. పది డిగ్రీలు తప్పితే ఇక చెప్పేదేముంది.

దీనికి మేము చేసే పరీక్ష ఒకటుంది, చూడముచ్చటగా ఉంటుంది. మూసకు బదులు త్రాసుకు ఒక చిన్న ప్లాటినం తునకను సన్నటి వెండి తీగతో వేలాడదీస్తాం. మెల్లగా వేడిచేస్తాం. వెండి 961.8 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగిన క్షణాన తీగ తెగి, తునక కింద పడి, గీత ఒక్కసారిగా మెట్టు దిగుతుంది. అప్పుడు తెర మీద ఎంత ఉందో చూసుకోవాలి. ఒకసారి మా యంత్రం తెర మీద 949 ఉండగా తీగ తెగింది. దాదాపు పదమూడు డిగ్రీలు. థర్మోకపుల్ మూసకు నాలుగు మిల్లీమీటర్లు కిందికి జారిందని తరవాత తేలింది. అంతకుముందు మూడు వారాలు తీసిన కొలతలన్నీ, పీడనంలో పదిహేను శాతానికి పైగా తప్పుతో, చెత్తబుట్టకు వెళ్లాయి. అవి నా కొలతలే. ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. మరో పద్ధతిలో కొలిమి పక్కన అయస్కాంతం పెట్టి, నికెల్ 355 డిగ్రీల దగ్గర, ఇనుము 770 దగ్గర అయస్కాంత గుణం పోగొట్టుకున్నప్పుడు బరువులో వచ్చే కుదుపును చూస్తారు. నాకు మాత్రం తీగ తెగే పద్ధతే ఇష్టం, దానితో వాదించలేం.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. ప్లాటినం-రోడియం థర్మోకపుల్‌ను వాడుకలోకి తెచ్చిన లీ షాట్లియరే 1880లలో ఈ సున్నపురాయి పీడనాలను కొలిచి, ఒక అట్మాస్ఫియర్ 810 పైచిలుకు డిగ్రీల దగ్గర వస్తుందని తేల్చాడు. తరవాతి కొలతల్లో అది 900 దగ్గరికి వచ్చింది. సమతాస్థితి సూత్రానికి పేరిచ్చిన మనిషికే దాదాపు తొంభై డిగ్రీలు తప్పితే, మీ వ్యాసకర్తను నేను తప్పుపట్టడం లేదని గ్రహించాలి. వేడిచేస్తూ తూచే త్రాసుకు థర్మోబ్యాలెన్స్ అని పేరుపెట్టి 1915లో జపానులో హోండా దాన్ని నడిపించాడు. అప్పటినుంచీ త్రాసు ఎంతో మెరుగైంది. ‘ఏ వాయువులో’ అని అడగడం మాత్రం ఇప్పటికీ మనిషి పనే.

బరువు విషయంలోనూ ఒక మోసం ఉంది, క్లుప్తంగా చెబుతాను. వాయువులో మునిగిన ప్రతి వస్తువునూ ఉత్ప్లవనం కాస్త పైకి ఎత్తుతుంది. వేడెక్కిన వాయువు పల్చబడుతుంది, ఎత్తే బలం తగ్గుతుంది, దాంతో ఏమీ జరగకపోయినా మూస బరువెక్కినట్టు కనిపిస్తుంది. మూస, దాన్ని మోసే కాడ కలిపి 0.1 మిల్లీలీటరు ఉందనుకోండి. గాలిలో 25 డిగ్రీల నుంచి 900కు వెళ్లేసరికి సుమారు 0.09 మిల్లీగ్రాము లేని బరువు పుడుతుంది. పది మిల్లీగ్రాముల నమూనాకు అది ఒక శాతానికి దగ్గర. ఖాళీ మూసతో ఒకసారి నడిపి ఆ గీతను తీసివేయాలి. కార్బన్ డయాక్సైడు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువైనది కాబట్టి, నైట్రోజన్‌లో తీసిన ఖాళీ గీత దానికి పనికిరాదు. దీన్ని మరిచిపోయి ‘కొత్త సమ్మేళనం పుట్టింది, బరువు పెరిగింది’ అని పరుగెత్తుకొచ్చిన విద్యార్థిని నేనెరుగుదును. ఇప్పుడు చాలా పేరున్న పరిశోధకుడు, అందుకే వివరం చెప్పను.

ఇదంతా సున్నానికి మాత్రమే చెందిన గొడవ కాదు. రాగి ఆక్సైడ్‌నే తీసుకోండి. నల్లటి కుప్రిక్ ఆక్సైడ్ వేడికి ఆక్సిజన్‌ను వదిలి ఎర్రటి కుప్రస్ ఆక్సైడ్ అవుతుంది, బరువు పది శాతం తగ్గుతుంది. మామూలు గాలిలో ఈ సరిహద్దు 1030 డిగ్రీల చుట్టూ ఉంటుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో ఇంకా పైకి పోతుంది, నైట్రోజన్‌లో చాలా కిందికి దిగుతుంది. ఇక్కడ నిర్ణయించేది ఆక్సిజన్ పీడనం. కార్బన్ డయాక్సైడు ఎంత ఉన్నా దీనికి పట్టదు. ఇనుము ఆక్సైడ్ల దగ్గరికి వస్తే కావలసిన ఆక్సిజన్ పీడనాలు నమ్మశక్యం కానంత చిన్నవి. సీసాలోంచి ఆక్సిజన్‌ను కొలిచి కలిపి అంత చిన్న పీడనం తెప్పించడం అసాధ్యం, గొట్టం అతుకుల్లోంచి జొరబడే గాలే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకని కార్బన్ మోనాక్సైడు, కార్బన్ డయాక్సైడు కలిపి పంపుతారు. ఆ రెండూ తమలో తాము సమతాస్థితికి వచ్చి ఆక్సిజన్‌ను అదుపులో పెడతాయి. రెండూ సమపాళ్లలో ఉంటే 1000 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ పీడనం ఒక అట్మాస్ఫియర్‌లో సుమారు కోటి కోట్ల వంతు. డార్కెన్, గర్రీ అనే ఇద్దరు 1945లో, ఏ ఆక్సైడ్ ఎక్కడ నిలుస్తుందో చూపే ఇనుము-ఆక్సిజన్ పటాన్ని ఇలాంటి మిశ్రమాలతోనే గీశారు. మనకు లెక్కలోకి రానంత చిన్న పీడనాన్ని కూడా ప్రకృతి లెక్కలోకి తీసుకుంటుంది. ఆ పని చేసిన రోజుల్లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది అదే.

మళ్లీ మీ వ్యాసానికి వస్తాను, ఇంకొక్క మాట. 650 డిగ్రీల దగ్గర సున్నం పొగలోని కార్బన్ డయాక్సైడును ‘పూర్తిగా’ పట్టేస్తుందని రాశారు. 650 దగ్గర సమతాస్థితి పీడనం సుమారు 0.012 అట్మాస్ఫియర్. పొగ అంతకంటే పల్చబడ్డాక సున్నం ఇక ముట్టదు. పొగలో 15 శాతం కార్బన్ డయాక్సైడు ఉంటే, ఎంత గొప్ప యంత్రం కట్టినా, ఎంత తాజా సున్నం పోసినా, అందులో సుమారు 93 శాతం దగ్గర ఆగాల్సిందే. పట్టు ఇంకా త్వరగా జరగాలని కొలిమిని 700కు పెంచితే ఆ హద్దు 80 శాతం కంటే కిందికి పడుతుంది. యాభై డిగ్రీలకు ఇంత నష్టం. వేడి పెంచితే వేగం పెరుగుతుంది, హద్దు తగ్గుతుంది. కొలిమి కట్టేవాడు ఈ రెండిటి మధ్యా ఎక్కడ ఆగాలో తేల్చుకోవాలి, 650 అన్న అంకె అలా వచ్చినదే. ఈ ఒక్క ముక్క రాసి ఉంటే 650 ఎందుకో పాఠకుడికి తెలిసేది. రెండో కొలిమి 900 దాటి ఎందుకు పోవాలో కూడా తెలిసేది. అక్కడ వాయువు స్వచ్ఛంగా బయటికి రావాలి, నిల్వచేయాలి. నైట్రోజన్ కలిపితే తక్కువ వేడికే విడిపోతుంది నిజమే, కానీ మళ్లీ ఆ రెండు వాయువులను విడదీసే పని మొదటికొస్తుంది. ఆ 75 డిగ్రీల అదనపు వేడికి ఇంధనం ఖర్చవుతుంది. ఈ పద్ధతి లాభమా నష్టమా అన్న వాదనలో ఆ ఖర్చు పెద్ద అంశం, మీ వ్యాసం దాన్ని తెలియకుండానే తగ్గించి చూపింది.

సిమెంటు బట్టీల సంగతీ ఇదే. రాయి విడిపోయే చోట కార్బన్ డయాక్సైడు దట్టంగా ఉంటుంది, కాబట్టి ప్రయోగశాల నైట్రోజన్‌లో వచ్చిన అంకెను అక్కడికి మోసుకుపోతే కుదరదు.

సవరణ వేయదలిస్తే నాలుగు పంక్తులు చాలు. ఇలా రాయవచ్చు: ‘గత వారం వ్యాసంలో సున్నపురాయి 825 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడులో విడిపోతుందని ప్రచురించాం. ఒక అట్మాస్ఫియర్ కార్బన్ డయాక్సైడులో అది విడిపోవాలంటే సుమారు 900 డిగ్రీలు దాటాలి. వాయువు పల్చగా ఉంటే అంతకు తక్కువ వేడికే విడిపోతుంది.’

ఇకముందు ఇలాంటి వ్యాసాల్లో డిగ్రీల పక్కన వాయువు పేరు, దాని పీడనం కూడా వేయమని మనవి. చోటు చాలకపోతే బొమ్మను కాస్త తగ్గించండి.

ఇట్లు,
ఉష్ణ విశ్లేషణ ప్రయోగశాలలో 31 ఏళ్లు పనిచేసి విరమించిన ఒక పాఠకురాలు